పక్కనున్నదాని గొంతు

నాటకాల గురించి మనం చాలా రాశాం. నటుల గురించి రాశాం. స్త్రీ పాత్రల చిత్రణ మీద నాలాంటివాళ్ళం డాక్టరేట్లే తీసుకున్నాం. ఆ పాత్ర నిలబడిన వేదిక గురించి, ఆమె గొంతు తగిలి వెనక్కొచ్చిన గోడ గురించి, ఆమె ముఖాన పడిన దీపం గురించి మాత్రం మన విమర్శ పెద్దగా మాట్లాడలేదు. అదంతా ఇంజనీర్ల పని అని వదిలేశాం. వంటగదిలో గట్టు ఎత్తు నుంచి కిటికీ దాకా ఏదీ స్త్రీల విషయంలో తటస్థంగా ఉండదని ఎప్పుడో గుర్తించినవాళ్ళం, నాటకశాలని కూడా ఆ చూపుతో ఒకసారి చూడాలి.

దీపంతో మొదలుపెడతాను. పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ ఒపెరా హౌసుల్లో గ్యాస్ దీపాలుండేవి. వాటి పక్కనే పల్చటి గుడ్డతో కుట్టిన గౌన్లు వేసుకుని అమ్మాయిలు నాట్యం చేసేవాళ్ళు. 1862 నవంబరులో పారిస్ ఒపెరాలో ఎమ్మా లివ్రీ అనే ఇరవయ్యేళ్ళ నర్తకి రిహార్సల్‌లో ఉండగా ఆమె గౌనుకి దీపం అంటుకుంది. ఎనిమిది నెలలు నరకం అనుభవించి 1863 జూలైలో చనిపోయింది. అప్పుడామె రిహార్సల్ చేస్తున్నది ఒక మూగపిల్ల పాత్ర. గుడ్డ అంటుకోకుండా ముంచితీసే మందు అప్పటికే ఉంది. ఆ మందులో ముంచితే గుడ్డ బిరుసెక్కి రంగు మాసిపోతుందని ఆమె వద్దంది. అందుకే ఈ కథ చెప్పినప్పుడల్లా, దీపం అక్కడ ఎందుకుంది అనే ప్రశ్న కంటే ఆమె ఆ గుడ్డ ఎందుకు కట్టలేదు అనే ప్రశ్నే ముందుకొస్తుంది. ఈ వరస మనకి కొత్తది కాదు.

1881లో లండన్ సవాయ్ థియేటర్ పూర్తిగా కరెంటు దీపాలతో వెలిగింది. నిప్పు భయం తగ్గింది. అంతకు ముందే, 1876లో, బైరాయిట్‌లో వాగ్నర్ తన నాటకశాల కట్టుకుని ప్రేక్షకులున్న వైపు దీపాలు బాగా తగ్గించేశాడు. వాద్యకారుల్ని వేదిక కిందికి దింపి పైన కప్పు వేశాడు. సంగీతం వినబడాలి, వాయించే చేతులు కనబడకూడదు. ఇవాళ మన హాళ్ళన్నిటిలో ఉన్న పద్ధతికి దగ్గరి పూర్వరూపం అదే. చూసేవాళ్ళు చీకట్లో ఉంటారు, చూడబడేవాళ్ళు వెలుతురులో. ఫోకస్ లైటు కింద నిలబడ్డ స్త్రీకి తనని ఎవరు చూస్తున్నారో కనబడదు.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో దీపం దీనికి తిరగబడి ఉంటుంది. అది తోలుబొమ్మల కళాకారుల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. నాలుగు గుంజలు, ఒక తెల్లగుడ్డ, గుడ్డ వెనక దీపం ఉంటే నాటకశాల సిద్ధమైనట్టే. వెనకటికి నూనె దీపాలు పెట్టేవాళ్ళు, తర్వాత బల్బులొచ్చాయి. వెలుతురు దాటేంత పల్చగా గీకిన తోలు మీద రంగులు వేస్తారు. బొమ్మని గుడ్డకి ఆనిస్తే గీత స్పష్టంగా కనబడుతుంది. దీపం వైపు జరిపితే బొమ్మ పెరిగి మసకబారుతుంది. యుద్ధం రావాలంటే కాళ్ళ కింద చెక్కల్ని దబదబా తొక్కుతారు. హార్మోనియం, మద్దెల, తాళాలు, పాడే మనుషులు, అందరూ చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంటారు. సీతకీ ద్రౌపదికీ గొంతిచ్చేది ఆ ఇంటి ఆడవాళ్ళే.

వాన రాని ఏడు ఊరంతా చందాలేసుకుని రామాయణం ఆడించేవాళ్ళని అమ్మ చెప్పేది. దీన్ని స్వర్ణయుగం చెయ్యాలని నా ఉద్దేశం కాదు. తెర వెనకున్న ఆమె ఒళ్ళో పసిబిడ్డ ఉండేది, తెల్లారితే పొయ్యి వెలిగించాల్సిందీ ఆమే. పెద్ద పద్యనాటక సమాజాలు ఆడపాత్రని కూడా మగవాడికే ఇచ్చి, స్థానం నరసింహారావు గారి వంటి వాళ్ళ ఆడవేషాలకి జేజేలు కొట్టిన కాలంలో, సురభి కుటుంబాల్లోలాగే ఇక్కడ కూడా స్త్రీ తన గొంతుతో తాను పాడింది. పాడినప్పుడు పక్కనున్న గొంతు ఆమెకి వినబడింది. నా దృష్టి ఈ రెండో సంగతి మీద ఉంది.

అది ఎందుకు పెద్ద సంగతో తెలియాలంటే గోడల దగ్గరికి రావాలి. 1895లో హార్వర్డ్‌లో వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడికి, మాట ముద్దలా వినబడే ఒక లెక్చర్ హాలుని బాగుచేసే పని అప్పగించారు. ఆయన రాత్రిళ్ళు ఇంకో థియేటర్ నుంచి సీటు మెత్తలు మోయించుకొచ్చి, హాల్లో పరిచి, ఒక ఆర్గాన్ గొట్టం మోగించి, ఆ మోత ఎంతసేపటికి అణుగుతుందో కొలిచాడు. హాలు ఘనపరిమాణం పెరిగితే మోత ఎక్కువసేపు నిలుస్తుంది. మెత్తటి వస్తువులు పెరిగితే త్వరగా అణుగుతుంది. కూర్చున్న మనుషులూ, వాళ్ళ ఒంటిమీది బట్టలూ కూడా శబ్దాన్ని పీల్చుకుంటాయి. మాటకి ఒక సెకను, ఒపెరాకి ఒకటిన్నర, పెద్ద వాద్యబృందానికి రెండు సెకన్ల మోత ఉంటే బాగుంటుందన్న లెక్కలు ఈ దారిలోనే వచ్చాయి. అయితే ఈ లెక్కలన్నీ కుర్చీలో కూర్చున్నవాళ్ళ కోసం వేసినవి. వేదిక మీదున్నవాళ్ళకి ఏం వినబడుతోంది అన్న ప్రశ్న శాస్త్రంలోకి చాలా ఆలస్యంగా వచ్చింది.

2023లో చెల్లెలి కాన్పుకని అమ్మని తీసుకుని సిడ్నీ వెళ్ళినప్పుడు ఈ ప్రశ్నని ఒక భవనం రూపంలో చూశాను. సిడ్నీ ఒపెరా హౌస్ నమూనాకి యోర్న్ ఉట్జన్ 1957లో పోటీలో గెలిచాడు. 1966లో ప్రభుత్వంతో పొసగక తప్పుకున్నాడు. 1973లో తెరిచిన ఆ భవనాన్ని మళ్ళీ వచ్చి చూడనే లేదు. పెద్ద హాల్లో కచేరీలూ ఒపెరా రెండూ జరగాలన్నది మొదటి ఆలోచన. ఆయన వెళ్ళాక పెద్ద హాలు కచేరీలకిచ్చి ఒపెరాని చిన్న హాలుకి పంపారు. అక్కడ వాద్యకారుల గొయ్యి ఇరుకై వేదిక కిందికి దూరింది. ఆ చిన్న హాలుకే 2012లో జోన్ సదర్లాండ్ అనే గొప్ప గాయని పేరు పెట్టారు. పెద్ద ఇల్లు కట్టి, ఇరుకు వంటింటికి అమ్మ పేరు పెట్టినట్టుంది నాకు. 2017లో ఏడు నెలలు మూసి దాని యంత్రాలు మార్చారు, శబ్దాన్ని సర్దే ఎలక్ట్రానిక్ ఏర్పాటు చేశారు.

పెద్ద హాలుది ఇంకో కథ. అక్కడ వేదిక మీద కప్పు సుమారు 25 మీటర్ల ఎత్తులో ఉంటుంది. శబ్దం సెకనుకి 340 మీటర్లు పోతుంది కాబట్టి పైకి పోయి తిరిగి రావడానికి సెకనులో ఏడో వంతు పడుతుంది. అది దిగొచ్చేసరికి పాట ముందుకి పోయి ఉంటుంది. వాయించేవాళ్ళకి తోటివాళ్ళు సరిగ్గా వినబడేవాళ్ళు కారు. మొదట్లోనే 18 పారదర్శకమైన ప్లాస్టిక్ చక్రాలు వేలాడదీసినా ఫిర్యాదులు ఆగలేదు. చివరికి 2020లో హాలు మూసి, 2022 జూలైలో తిరిగి తెరిచారు. చక్రాల స్థానంలో ముదురు గులాబీ రంగు ఫలకాలు వచ్చాయి. వాటికి పూరేకులని పేరు. కిందనుంచి లేచిన శబ్దాన్ని దగ్గర్లోనే పట్టుకుని వేదిక మీదికీ హాల్లోకీ పంచుతాయి. స్పీకర్లు పెట్టి చేసే కార్యక్రమాలప్పుడు శబ్దం పీల్చే తెరలు దిగుతాయి.

అమ్మ తలెత్తి చూసి, ‘లేపాక్షి నాట్యమంటపంలో తామరపువ్వు మాదిరి ఉంది కదే’ అంది. మా చిలమత్తూరు వాళ్ళకి దేన్నైనా పోల్చుకోవడానికి లేపాక్షే దిక్కు. మంటపం కప్పున విచ్చుకున్న ఆ రాతి తామర కింద, స్తంభాల మీద రంభ నాట్యం చేస్తూ ఉంటుంది, చుట్టూ వాయించేవాళ్ళు ఆమె వైపు తిరిగి ఉంటారు. ఈ రేకులెందుకో అమ్మకి చెప్పాను. పాడేవాళ్ళకి ఒకరిదొకరికి వినబడటానికి అన్నాను. అమ్మ ముప్పయ్యేళ్ళుగా ఊళ్ళో ఆడవాళ్ళ భజనలో పాడుతోంది. ‘దానికింత ఖర్చు పెట్నారంటే తెలిసినోళ్ళే. పక్కనుండేదాని గొంతు ఇనపడకపోతే నా గొంతు లేస్తాదా?’ అంది.

ఆ మాట విలువ నాకు కిందటేడు మా వైపు ఒక కాలేజీలో బాగా తెలిసింది. ఆరుగురు అమ్మాయిలు పద్యాలు కలిసి పాడే కార్యక్రమం. కొత్త ఆడిటోరియం. కడుక్కోవడానికి వీలుగా వేదిక వెనక గోడకి నున్నటి టైల్స్, ఎదురెదురుగా బోసి గోడలు, కళ్ళలోకి కొట్టే ఫోకస్ లైట్లు. స్పీకర్లన్నీ ప్రేక్షకుల వైపే తిరిగి ఉన్నాయి. పిల్లలకి తమ గొంతు వెనక గోడ నుంచీ, హాలు చివర నుంచీ ఆలస్యంగా, ముక్కలు ముక్కలుగా వస్తోంది. మూడో పద్యానికి ఆరుగురూ ఆరు దార్లు పట్టారు. వెనక వరసల్లో నవ్వులు మొదలయ్యాయి. కదిరి వైపు పల్లె నుంచి వచ్చిన ఒక పిల్ల మధ్యలో ఆపేసి నిలబడిపోయింది. దిగొచ్చాక ‘నా గొంతు బాగలేదు మేడమ్, నేనింక పాడను’ అంది.

గదిలో ఉన్న లోపాన్ని తన గొంతులో లోపం అనుకుంది. అనుకోక ఏం చేస్తుంది? మనం అన్నిచోట్లా అదే కదా చేస్తున్నాం. సెమినార్‌లో మగవాళ్ళ ఎత్తుకి బిగించిన మైకు ముందు నిలబడి, మన మాట వెనక్కి చేరకపోతే మన మాటే బలంగా లేదని ఇంటికొస్తాం.

పాడేవాళ్ళ వైపు తిరిగే రెండు చిన్న స్పీకర్లూ, వెనక గోడకి ఒక మందపాటి తెరా కావాలని అడిగితే, ‘ప్రేక్షకులకి వినిపిస్తే చాలు కదమ్మా’ అని జవాబొచ్చింది. నాటకశాల చరిత్ర మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉందనిపించింది. స్త్రీ అందరికీ వినిపించాలి, కనిపించాలి. ఆమెకి ఏం వినిపిస్తోందన్న ఖర్చు లెక్కలోకి రాదు.

పిల్లల్ని హాల్లోకి తీసుకెళ్ళి ఒక్క చప్పట కొట్టమన్నాను. రెండు గోడల మధ్య అది టపటపమని కొట్టుకుంది. గోడలు ఏం చేస్తున్నాయో వాళ్ళకి చెవులతోనే తెలిసింది. హాస్టల్ నుంచి బొంతలు తెచ్చి టైల్స్ మీద వేలాడదీశారు. సబీన్ మెత్తల కథ చెప్తే నవ్వారు. వరసగా కాకుండా, ఒకరికొకరు కనబడేలా అర్ధచంద్రంగా నిలబడ్డారు. మళ్ళీ చప్పట కొడితే మోత తగ్గింది. ఆ పిల్ల మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు వచ్చి చివరి కుర్చీలో కూర్చుంది. కాసేపటికి లేచి వచ్చి అర్ధచంద్రం చివర నిలబడి, పక్కపిల్ల ఎత్తుకున్నాక మెల్లగా అందుకుంది.

స్పీకర్లు ఇంకా రాలేదు. చలికాలం రావడంతో బొంతలు హాస్టల్‌కి తిరిగి వెళ్ళిపోయాయి. కాబట్టి నేను విజయగాథ చెప్పడం లేదు. మన వేదికలు మనం ఏర్పాటు చేసుకునేటప్పుడైనా అడగవలసిన ప్రశ్న ఒకటుందని చెప్తున్నాను. ఇక్కడ నిలబడిన ఆమెకి పక్కనున్నదాని గొంతు వినబడుతోందా? గోడలకీ దీపాలకీ వేసే ఈ ప్రశ్న మన సంకలనాలకీ సభలకీ కూడా వర్తిస్తుంది.

ఆ పిల్ల ఇప్పుడు ఏ హాల్లో అడుగుపెట్టినా ముందు ఒక చప్పట కొట్టి, చెవి ఒగ్గి వింటోంది.