కారు మీద మంచె

కారు మీద టెంట్ అనగానే లద్దాఖ్ గుర్తొస్తుంది, స్పితి గుర్తొస్తుంది, లేదంటే రీల్స్‌లో చూసిన ఆస్ట్రేలియా ఎడారి గుర్తొస్తుంది. కైకలూరు ఎవరికీ గుర్తురాదు. నన్నడిగితే ఈ రూఫ్‌టాప్ టెంట్ అనే వస్తువు కొల్లేటి గట్ల కోసమే పుట్టినట్టుంటుంది. ఇక్కడ నేల చెమ్మ. వాన పడితే బంకమట్టి చెప్పుల్ని వదలదు. గట్ల మీద పాములు తిరుగుతాయి, ఎండిన చోట చీమలు పుట్టలు పెడతాయి. అందుకే చెరువు కాపలా మనిషి నేల మీద పడుకోడు. నాలుగు గుంజలు పాతి, పైన తడికలు పరిచి, మంచె కట్టుకుంటాడు.

మనుషులే కాదు, గూడబాతులదీ అదే లెక్క. పెలికాన్ ఇంత పెద్ద పక్షి అయ్యుండి చెట్టు కొమ్మ మీద గూడు కడుతుంది. 1940ల్లో పక్షి పరిశోధకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో చెట్ల నిండా గూళ్లు చూసి దాని మీద పరిశోధన వ్యాసమే రాశారు. తర్వాత ఆ కాలనీ చెదిరిపోయింది. ఇప్పుడు అవి కైకలూరు పక్కనే ఉన్న ఆటపాకలో చేరాయి. నీళ్లలో చెట్లు చచ్చిపోతుంటే అటవీశాఖ ఇనుప స్టాండ్లు నాటించింది. పక్షులు ఏ మాత్రం మొహమాటపడకుండా వాటి మీదే సంసారం పెట్టాయి. పక్కనే పెయింటెడ్ స్టార్కులు కూడా. చలికాలం పొద్దున్నే వెళ్తే ఒక్కో స్టాండూ మూడంతస్తుల అపార్ట్‌మెంట్‌లా ఉంటుంది. గోల కూడా అపార్ట్‌మెంట్ గోలే.

మా నాన్నది అక్కడి లంక గ్రామం. ఇల్లూ పొలమూ ఎప్పుడో చేతులు మారాయి. ఇప్పుడు హైదరాబాద్‌లో మాతోనే ఉంటారు. ఆయన కోరిక ఒక్కటే, పక్షులు లేచే వేళకి కొల్లేటి గట్టు మీద ఉండాలి. చుట్టాలింట్లో దిగొచ్చుగా అంటారు మీరు. దిగొచ్చు. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరనిస్తారా? కాఫీ అంటారు, ఇడ్లీ అయిపోతోంది ఒక్క నిమిషం అంటారు, చేపల పులుసు తినకుండా వెళ్తే అలుగుతారు. నవంబరు నుంచి మార్చి దాకా నెలకు రెండుసార్లు వెళ్లాలంటే ఇది కుదిరే పని కాదు. అందుకని నేనూ తమ్ముడూ టెంట్ల వేటలో పడ్డాం.

షాపువాళ్లు ముందుగా రంగు చూపిస్తారు, తర్వాత పరుపు నొక్కి చూడమంటారు. మీరు ముందు చూడాల్సింది మీ కారు మాన్యువల్. అందులో ‘రూఫ్ లోడ్’ అని ఒక అంకె ఉంటుంది. బండి నడుస్తున్నప్పుడు పైకప్పు మోయగలిగే బరువు అది. కారును బట్టి మారుతుంది గానీ, మామూలు కార్లకు 50 నుంచి 100 కిలోల మధ్యలోనే ఉంటుంది. మా కారుకు 75. ఈ 75లో టెంట్ ఒక్కటే కాదు, దాన్ని బిగించే అడ్డకడ్డీల బరువూ కలిసే ఉంటుంది. ఇది చాలామంది మర్చిపోయే సంగతి.

మేం చూసిన ఇద్దరి టెంట్లు 45 కిలోల నుంచి 80 కిలోల దాకా ఉన్నాయి. తమ్ముడు మనసు పడ్డ గట్టి పెట్టె టెంట్, అంటే హార్డ్‌షెల్, 72 కిలోలు. కడ్డీలు ఇంకో ఏడు. అక్కడికే 79. అది వద్దన్నాను. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

“అరవై కిలోల టెంట్‌కే ఇంత లెక్కయితే, ఇద్దరు మనుషులు ఎక్కితే పైకప్పు కుంగిపోదా?” అని అమ్మ అడిగింది. మంచి ప్రశ్నే. కదిలే బండి మీద బరువు వేరు, ఆగిన బండి మీద బరువు వేరు. గుంతలో పడ్డప్పుడు, మలుపు తిరిగినప్పుడు, సడెన్ బ్రేక్ వేసినప్పుడు ఆ బరువు పైకప్పును గుద్దుతుంది, పక్కకు లాగుతుంది. పైగా బరువంతా నెత్తి మీద ఉంటే బండి తూలుతుంది. అందుకే కంపెనీలు చిన్న అంకె రాస్తాయి. ఆగాక ఆ కుదుపులేం ఉండవు. బరువు స్తంభాల మీదుగా నిలువుగా కిందకి దిగుతుంది. మేం తీసుకున్న టెంట్ 58, కడ్డీలు 7, నేను 62, తమ్ముడు 70, దుప్పట్లూ దిండ్లూ 8. మొత్తం 205 కిలోలు. ఆగిన కారుకు ఇది ఫర్వాలేదని సర్వీస్ సెంటర్‌లో, కడ్డీలు అమ్మిన చోట, రెండు చోట్లా అడిగి రాయించుకున్నాకే డబ్బు కట్టాం. మీరూ అడగండి. సిగ్గేం లేదు. మన కారు చిన్నదని నిరాశపడక్కర్లేదు కూడా. ఒకప్పటి తూర్పు జర్మనీలో ట్రాబాంట్ అనే బుల్లి కారు మీద టెంట్లు కట్టుకుని కుటుంబాలు సెలవులకు వెళ్లేవి.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చేలా బండిని మార్పు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. పైకప్పుకు రంధ్రాలు కొట్టి వెల్డింగ్ పెట్టే పని వద్దు. కంపెనీ పట్టాల మీద బిగించి, మళ్లీ విప్పగలిగే కడ్డీలే వాడండి, ఒకసారి మీ ఆర్టీవో ఆఫీసులో అడిగి చూడండి.

ఇక గుడ్డ. కొల్లేటిలో టెంట్ పరీక్ష వాన కాదు, మంచు. డిసెంబరు, జనవరిల్లో రాత్రి తొమ్మిదికే కారు అద్దాలు తడుస్తాయి. ఒక మనిషి నిద్రలో ఊపిరితో, చెమటతో వదిలే తేమ గ్లాసుడు నీళ్లకు తక్కువ ఉండదు. ఇద్దరికీ రెండు గ్లాసులు. గుడ్డకు ఊపిరాడకపోతే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? లోపలే చుక్కలు కట్టి తెల్లారేసరికి మొహం మీద రాలతాయి. అందుకే పూర్తి పాలిస్టర్ కాకుండా నూలు కలిసిన పాలీకాటన్ తీసుకున్నాం. 280 జీఎస్ఎం, అంటే చదరపు మీటరు గుడ్డ 280 గ్రాములు. పైన వానకు వేరే తొడుగు ఉంటుంది. గుడ్డకూ తొడుగుకూ మధ్య గాలి ఆడే ఖాళీ ఉందో లేదో షాపులోనే విప్పించి చూడండి. పరుపు కింద గాలి ఆడే వల పట్టీ వేయకపోతే పరుపు అడుగున బూజు పడుతుంది. తడిగా మడిచి తెస్తే ఇంటికొచ్చిన రోజే మళ్లీ విప్పి ఆరబెట్టాలి. సోమవారం ఆఫీసుంది కదా అని వదిలేస్తే బుధవారానికి కంపు.

దోమల గురించి కైకలూరు వాళ్లకు నేను చెప్పేదేముంది! కిటికీలకు జిప్పుతో మూసే దోమతెర అన్ని టెంట్లకూ ఉంటుంది. చూడాల్సింది జిప్పు మూల. అక్కడ చిటికెన వేలు దూరితే వంద దోమలు దూరుతాయి. చెరువుల దగ్గర దీపం చుట్టూ మూగే సన్న పురుగులు మామూలు వలలోంచి కూడా వచ్చేస్తాయి కాబట్టి కన్నాలు సన్నగా ఉన్న వల అడగండి. లోపల పసుపు దీపం మసగ్గా ఉంటే చాలు. టెంట్‌లో దోమల చుట్ట మాత్రం వెలిగించొద్దు. అది గుడ్డ, మనం అందులో నిద్రపోతున్నాం.

అసలు చిక్కు నిచ్చెన దగ్గరొచ్చింది. షాపులో నాన్న రెండు మెట్లెక్కి ఆగిపోయారు. మోకాళ్లు. “మీరిద్దరూ పైన పడుకోండమ్మా, నేను సీటు వాల్చుకుంటాలే” అన్నారు, నవ్వుతూనే. ఈ ప్రయాణమే ఆయన కోసం. పగలు దిగే నిచ్చెన వేరు, రాత్రి రెండింటికి నిద్రకళ్లతో, మంచుకు తడిసిన మెట్ల మీద దిగే నిచ్చెన వేరు. ఇంట్లో అరవై దాటినవాళ్లుంటే షాపులో ఫొటోలు దిగే ముందు ఈ ముక్క ఆలోచించండి.

అప్పుడే హార్డ్‌షెల్ గొడవ పూర్తిగా తీరిపోయింది. హార్డ్‌షెల్ నిమిషంలో లేస్తుంది, దారిలో గాలికి తక్కువ అడ్డం పడుతుంది, కానీ కారు పైకప్పు ఎంతుందో టెంట్ కూడా అంతే. సాఫ్ట్‌షెల్ పుస్తకంలా తెరుచుకుంటుంది. సగం కారు మీద ఉంటుంది, సగం పక్కకు వచ్చి నిచ్చెన మీద ఆనుకుంటుంది. ఆ పక్కకొచ్చిన సగం కింద నాలుగు వైపులా గుడ్డ కట్టుకుంటే ఒక గది వస్తుంది. అమ్మేవాళ్లు దాన్ని అనెక్స్ అంటారు. ఆరు కిలోల ఆ గుడ్డ డిక్కీలో వెళ్తుంది, పైకప్పు లెక్కలోకి రాదు. అందులో మడత మంచం వేశాం, దోమతెర కట్టాం. మంచం ఎత్తు అడుగున్నర, పాముల భయం లేదు. నాన్న అందులో పడుకుని, “పైన మీది మంచె, కిందది కాపలావాడి పాక” అని పేరు పెట్టారు. ఈ ఏర్పాటంతా లక్షా పదివేలైంది. లాడ్జి ఖర్చుతో పోల్చి లాభం అనుకోవద్దు, అంత తొందరగా ఏం తీరదు. పైగా లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే కారు 14కి దిగింది.

టెంట్ కొన్నారు సరే, ఎక్కడ వేస్తారు? కొల్లేరు ఖాళీ మైదానం కాదు. సముద్రమట్టానికి ఐదడుగుల కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ఆ పరిధిలోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ హద్దుల మీద తగువులు ఇప్పటికీ ఊళ్లలో నడుస్తూనే ఉన్నాయి. అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి మకాం వేయకూడదు. గూళ్ల దగ్గర కారు లైట్లు, పాటలు అసలే వద్దు. కాబట్టి మేం అభయారణ్యం బయట, తెలిసినవాళ్ల చెరువు గట్టు మీద, వాళ్లను అడిగే వేస్తాం.

యజమానిని అడిగితే సరిపోదు, కాపలా మనిషికీ చెప్పించాలి. బొచ్చె, శీలావతి రెండేసి కిలోలకు ఎదిగి పట్టుబడికి సిద్ధంగా ఉన్న చెరువు గట్టు మీద రాత్రి ఓ కారు ఆగితే ఎవరైనా ఏమనుకుంటారు? మొదటిసారి టార్చిలైటు నేరుగా మా మొహాల మీద పడింది.

“ఎవరండీ? బండెందుకాపారు?”

నాన్న లోపల్నుంచే ఊరి పేరు, చెరువు యజమాని పేరు చెప్పారు. టార్చి కిందకి దిగింది. ఆయన టెంట్ చుట్టూ ఒకసారి తిరిగి, నిచ్చెన ఊపి చూశాడు.

“పైన పడుకుంటారాండీ? దొర్లితే?”

“చుట్టూ గుడ్డ ఉందండీ, పడం” అన్నాడు తమ్ముడు.

“మా మంచెకన్నా బానే ఉంది గానీ... ఫ్యాను లేదేంటండీ?”

బండి ఎక్కడ నిలపాలో కూడా ఆయనే చూపించాడు. గట్టు అంచున కాదు, మధ్యలో, ఎర్రమట్టి తోలిన చోట. అంచు మట్టి వదులుగా ఉంటుంది, రాత్రి టైరు దిగబడితే టెంట్ వాలుతుంది. కారు సమంగా లేకపోతే తల కిందకీ కాళ్లు పైకీ పెట్టుకుని పడుకోవాలి. కారు ముక్కు గాలి వచ్చే వైపు ఉంచి, గుమ్మం గాలికి ఎదురు లేకుండా చూసుకోవాలి. వానొచ్చే సూచన ఉంటే చీకటి పడకముందే తారురోడ్డెక్కాలి. నవంబరులో తుపాను వార్త వింటే బయల్దేరనే బయల్దేరం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిందే, ఆ నీళ్లూ చివరికి చేరేది ఇక్కడికే.

ఏరియేటర్లు తిరిగే రొయ్యల చెరువుకు దూరంగా ఉండండి, రాత్రంతా మోతే. టాయిలెట్‌కి కైకలూరు పెట్రోలు బంకే దిక్కు. అందుకే పడుకునే ముందు ఊళ్లోకి వెళ్లి టిఫినూ అదీ కానిచ్చుకుని వస్తాం. తెల్లారి ఐదుకి నాన్నే మమ్మల్ని లేపుతారు, కింద నుంచి నిచ్చెన మీద టకటకా కొట్టి. టెంట్ మడవడానికి పావుగంట పడుతుంది, తడిసి ఉంటే ఇంకో పది నిమిషాలు. ఆటపాక చేరేసరికి మంచు ఇంకా విడదు. ముందు అరుపులు వినిపిస్తాయి, తర్వాత ఇనుప స్టాండ్లు కనిపిస్తాయి.

ఏప్రిల్ వస్తే ఆ ఉక్కలో గుడ్డ కింద పడుకోలేం. టెంట్ దించేయాలి. 58 కిలోలు నలుగురు పట్టాలి, కాబట్టి ముందే ఇద్దరు స్నేహితుల్ని బిర్యానీకి పిలుచుకోండి. టెంట్ ఉన్నన్నాళ్లూ మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ఎత్తు కూడా ఒకసారి టేపుతో కొలిచి పెట్టుకోండి. మా కారు, కడ్డీలు, టెంట్ కలిపి ఆరు అడుగుల పది అంగుళాలు. సెల్లార్ దూలం ఏడడుగులు.