ఆల్బమ్‌లోని నలుగురు

గుంటూరు

బావా,

నీ ఉత్తరం అందింది. "చనిపోయినావిడ గొలుసు వాడి దగ్గరే దొరికింది కదా, ఇంక అప్పీల్లో వాదించడానికి ఏముంది?" అన్నావు. అప్పీలు విచారణకు వచ్చినప్పుడు బెంచి మీద నుంచి వచ్చే మొదటి ప్రశ్న కూడా అదే.

పాత సాక్ష్య చట్టం 114వ సెక్షన్‌లో మొదటి ఉదాహరణ నీకు గుర్తుండే ఉంటుంది. దొంగతనం జరిగిన కొద్దికాలానికే సొత్తు ఒకడి దగ్గర కనబడి, అది ఎలా వచ్చిందో వాడు చెప్పలేకపోతే, వాడు దొంగ అయినా కావాలి, దొంగసొత్తని తెలిసి పుచ్చుకున్నవాడైనా కావాలని కోర్టు భావించవచ్చు. అందులో హత్య ఊసు లేదు. చంపడం, దోచుకోవడం ఒకే ఘటనలో జరిగాయని మిగతా సాక్ష్యం చెబితే గొలుసు నుంచి హత్య దాకా వెళ్ళిన తీర్పులు ఉన్నాయి, కాదనను. నా ముద్దాయి విషయంలో గొలుసు బయటపడింది నెలలు గడిచాక. ఆ రాత్రి అతన్ని ఆ వీధిలో చూసినవాళ్ళు లేరు. దొంగతనం శిక్ష నిలిస్తే నిలవనీ. హత్యకు వేసిన యావజ్జీవం దేని మీద నిలబడిందో చూపించమనే నేను అడుగుతున్నాను.

ఈ అప్పీలు రికార్డంతా ఉన్న పేపర్ బుక్ చేతికొచ్చినప్పటి నుంచి పదేపదే తెరుస్తున్నది నాసిక్ కేసు. 2003 జూన్‌లో ఒక రాత్రి దుండగులు ఒక పేద కుటుంబం మీద పడ్డారు. 3,000 రూపాయలు, నగలు లాక్కున్నారు. ఐదుగురిని చంపారు. వాళ్ళలో ఒకరైన పదిహేనేళ్ళ పిల్ల మీద అత్యాచారం చేసి చంపారు. తల్లి, ఒక కొడుకు గాయాలతో బతికారు. చదువుతుంటే చేతులు వణుకుతాయి బావా. జడ్జీలకూ అలాగే అనిపించి ఉంటుంది. సంచార తెగలకు చెందిన ఆరుగురికి 2006లో సెషన్స్ కోర్టు మరణశిక్ష వేసింది. 2007లో బొంబాయి హైకోర్టు ముగ్గురికి ఉరి ఉంచి, ముగ్గురికి యావజ్జీవంగా మార్చింది. 2009లో సుప్రీంకోర్టు ఆరుగురికీ ఉరే అంది.

తర్వాత 2018లో ఆ తీర్పును వెనక్కి తీసుకుని, అప్పీళ్ళను మొదటి నుంచి విన్నారు. 2019 మార్చి 5న ముగ్గురు జడ్జీల బెంచి ఆరుగురినీ నిర్దోషులుగా వదిలింది. 

కొత్త సాక్షి ఎవరూ పుట్టుకురాలేదు. ఘటన జరిగిన తొలి రోజుల్లోనే పోలీసులు ఆ తల్లికి పాత నేరస్తుల ఫోటో ఆల్బమ్ చూపించారు. ఆవిడ నలుగురిని గుర్తుపట్టింది. ఆ నలుగురూ ఈ ఆరుగురిలో లేరు. వాళ్ళ మీద దర్యాప్తు కదల్లేదు, వాళ్ళు బోనెక్కలేదు. ఆ కాగితం ముందు నుంచీ రికార్డులోనే ఉంది. మూడు కోర్టులు దాన్ని దాటుకుంటూ వెళ్ళిపోయాయి. ఘోరం ఎంత పెద్దదైతే చదివే కన్ను అంత తొందరపడుతుందని నాకు అనిపిస్తోంది. అప్పీలు ఉన్నది ఆ తొందరను ఆపడానికే.

పదహారేళ్ళు జైల్లో గడిచాయి. ఒకడు నేరం నాటికి మైనరని తర్వాత తేలింది. మనిషికి 5 లక్షలు ఇవ్వమని, దర్యాప్తు చేసిన అధికారుల మీద చర్య తీసుకోమని కోర్టు మహారాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ తల్లికి ఏం మిగిలిందో నేను ఆలోచించకుండా ఉండలేకపోతున్నాను. ఆవిడ వేలుపెట్టి చూపించిన మనుషుల్ని ఎవరూ అడగలేదు. ముద్దాయిలకు జరిగిన అన్యాయం గురించి అందరం మాట్లాడతాం, మాట్లాడాలి కూడా. ఆవిడ మాట సరిగ్గా వినకపోవడం కూడా అంతే అన్యాయం.

ఇంకొక సంగతి. యావజ్జీవం పడి, అప్పీలు తేలకుండా అయిదేళ్ళు జైల్లో ఉన్నవాళ్ళు బెయిలు అడగవచ్చని 2016లో మన ఉమ్మడి హైకోర్టు చెప్పింది. ఎంతోమందికి మేలు చేసిన తీర్పు అది. కానీ సొత్తు కోసం చేసిన హత్యలను అందులోంచి మినహాయించారు. అంటే నా ముద్దాయి మీద దొంగతనం కూడా రుజువైంది కాబట్టి ఆ తలుపు కూడా మూసినట్టే. సొత్తు కోసమే చంపాడా లేదా అన్నదే కదా అప్పీల్లో తేలవలసింది! తేలే లోపల ఆ మాటే అతన్ని లోపల ఉంచుతోంది. వాళ్ళమ్మ ప్రతి వాయిదాకీ బస్సెక్కి వస్తోంది. ఆవిడకు ఈ మినహాయింపు ఎలా చెప్పాలో తెలియక, "త్వరగా వినమని అడుగుతున్నానమ్మా" అంటున్నాను. నిజంగానే అడుగుతున్నాను. ముందస్తు విచారణకు పిటిషన్ వేశాను.

నాసిక్ కేసు తీర్పులు రెండూ నీకు పంపుతున్నాను. ముందు 2009ది చదువు, పక్కన పెట్టి 2019ది చదువు. క్రాస్ ఎగ్జామినేషన్ చదవడంలో నీ కన్ను నాకంటే నిశితం. నా పేపర్ బుక్‌లో గొలుసు పంచనామా సాక్షుల వాంగ్మూలాలు కూడా జతచేశాను. వాటి మీద నీకేం తోస్తే అది వెంటనే రాయి.

నీ బావ