తొర్రూరులో ఆగిన కారు

వరంగల్లు నుంచి ఖమ్మం పోయే దారిలో తొర్రూరు వుంది. ఒకప్పుడు వరంగల్లు జిల్లా. 2016 నుంచి మహబూబాబాదు జిల్లా. యిన్నాళ్ళూ నాకది బస్సు కిటికీలోంచి చూసి మరిచిపోయే వూరు. ఇప్పుడు ఆ పేరు వింటే చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది. కారణం చెబుతాను.

మా అమ్మకు డెబ్బై యెనిమిదేళ్ళు. "పోతన దున్నిన నేల అంటారే, ఆ బమ్మెర వొకసారి చూపించరా" అని పదేళ్ళుగా అడుగుతోంది. వచ్చే నెల, వచ్చే సంక్రాంతి అంటూ నేను దాటవేస్తూ వచ్చాను. యీ మధ్య ఆవిడ అడగడం మానేసింది. అడిగినప్పటికంటే మానేసినప్పుడే నాకు భయం వేసింది. మర్నాడే ఖమ్మంలో కారు తీశాను. తొర్రూరు దాకా వెళ్ళి, అక్కణ్ణించి పాలకుర్తి వైపు తిరిగితే బమ్మెర.

మరిపెడ దాటాం. రోడ్డుకి రెండు వైపులా పత్తి, వరి. దంతాలపల్లి దగ్గర కారులో బ్యాటరీ బొమ్మ గల ఎర్రదీపం వెలిగింది. వేడి చూపే ముల్లు పైకి పాకింది. బానెట్టు యెత్తి చూస్తే ఫ్యాన్ బెల్టు తెగివుంది. నా పాత కారులో నీటి పంపునూ, కరెంటు పుట్టించే ఆల్టర్నేటరునూ తిప్పేది ఆ వొక్క బెల్టే. ఇక కదిలితే ఇంజను మాడిపోతుంది.

చెట్టు కింద గంటన్నర నిలబడ్డాం. వెనకనుంచి వచ్చేవాళ్ళకు తెలియాలని నాలుగు మూలలా దీపాలు మిణుకుమిణుకుమనేటట్టు పెట్టాను. అమ్మకు ఉక్కపోస్తోందని ఫ్యానూ వేశాను. చివరికి వొక రైతు ట్రాక్టరు ఆపి, మోకు తీసి కట్టాడు. "తాళం ఆన్‌ల వెట్టుండ్రి సారూ, లేకుంటె స్టీరింగు లాకైతది" అన్నాడు. నిజమే. కాని ఇంజను తిరగనప్పుడు ఆ తాళం కింద ఖర్చయ్యేదంతా బ్యాటరీలోని నిలవే, జమ పైసా వుండదు. ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు. మోకు వదులై మళ్ళీ బిగిసినప్పుడల్లా కారు గుండె జారినట్టు కుదుపు తినేది. బ్రేకు రాయిలా బిగుసుకుంది. ట్రాక్టరు మమ్మల్ని తొర్రూరులో వొక మెకానిక్కు షెడ్డు ముందు దింపింది. డబ్బివ్వబోతే రైతు తీసుకోలేదు.

కొత్త బెల్టు పడింది. "హమ్మయ్య" అని తాళం తిప్పాను. టిక్, టిక్, టిక్! అంతే. బెల్టుకోసం వస్తే బండే మూగబోయింది.

మా నాన్నగారి కాలంలో కార్లకు హేండిలు వుండేది; ముందు నిలబడి తిప్పేవారు. 1912 కాడిలాక్ కార్లలో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు వచ్చాక, మన కండబలం పని బ్యాటరీ మీద పడింది. దీపానికి రెండు మూడు ఆంపియర్లు చాలు. స్టార్టరుకు వంద పైన కావాలి. అందుకే దీపం వెలిగినంతమాత్రాన బండి లేస్తుందని నమ్మరాదు.

మెకానిక్కు పాతికేళ్ళ కుర్రవాడు. హెడ్‌లైట్లు వేయించి, "ఇప్పుడు కొట్టుండ్రి" అన్నాడు. తాళం తిప్పగానే లైట్లు కొడిగట్టాయి. మీటరు పెట్టాడు: 11.8. నిండు బ్యాటరీ ఊరికే వున్నప్పుడు 12.6 వోల్టులు వుండాలట. "తాళం ఆన్ల వెట్టే గుంజుకొచ్చిన్రా? పాత బ్యాటరీ, వొట్టిగ అయింది" అని, షెడ్డులో ఛార్జి చేసిపెట్టిన బ్యాటరీ తెచ్చి బిగించాడు.

మళ్ళీ టిక్, టిక్!

నాకు కాళ్ళు చల్లబడ్డాయి. మూడు దాటింది. అమ్మ బల్లమీద కూచుని టీ తాగుతూ, "పోనీలేరా, ఇంకోసారి చూద్దాం" అంది. ఆ "ఇంకోసారి" నన్ను కోసేసింది.

కుర్రవాడు మాత్రం నవ్వాడు. "సార్, ఈసారి లైట్లు తగ్గలే, చూసిన్రా? అంటే కరెంటున్నది, ఇంజనుకు వోతలేదు." కారు కిందికి దూరాడు. బాడీనుంచి ఇంజనుకు వెళ్ళే ఎర్తు తీగ తుప్పుపట్టి, వొక్క పోగుమీద వేలాడుతోంది. ఎప్పటిదో ఆ తుప్పు; మోకు కుదుపులు దాని పని ముగించాయి. బ్యాటరీనుంచి బయలుదేరిన కరెంటు తిరిగి ఇల్లు చేరడానికి దారి లేదు. దీపాలకు బాడీలోంచి వేరే దారి వుంది కనుక అవి వెలిగాయి. వొక్క లాగుడులో రెండు రోగాలు. మొదటిది రెండోదాన్ని దాచింది.

కొత్త తీగ బిగించాక తాళం తిప్పితే ఇంజను వొక్క వుదుటున లేచింది. "ఫికర్ చెయ్యకు అమ్మా, పొద్దు గూకకముందే వోతరు" అన్నాడు కుర్రవాడు. ఆ బ్యాటరీ కూడా తిరిగి వెళ్ళేటప్పుడు ఇమ్మని వుంచేశాడు. మా పేరైనా అడగలేదు.

బమ్మెర చేరేసరికి పొలాల మీద చివరి ఎండ వుంది. అమ్మ పోతన సమాధి దగ్గర కాసేపు నిలబడింది. తర్వాత గట్టు దిగి, చిటికెడు మట్టి తీసి కొంగున ముడివేసుకుంది.

"ఆ ట్రాక్టరబ్బాయి కూడా దున్నుకునేవాడేగా" అంది కారెక్కుతూ.

నేను తాళం తిప్పాను. బండి లేచింది.