అటక దిగిన శుభలేఖ

కర్నూలులో హంద్రీ వంతెన దాటితే కల్లూరు. పేరుకు వేరే మండలమే గానీ, ఊరు నగరంలో ఎప్పుడో కలిసిపోయింది. ఉగాది వేళ ఇక్కడి చౌడేశ్వరీదేవి గుడి చుట్టూ ఎద్దుల బండ్లు, గాడిదల బండ్లు బురదలో ప్రదక్షిణలు చేస్తాయి. ఆ సందడి ముగిసిందో లేదో... పెళ్లిళ్లు! ఇంటింటికీ శుభలేఖలు. నాలుగు మూలలా పసుపు, పైన వినాయకుడు. పెళ్లి అయిపోయాక వాటినేం చేయాలి? చెత్తలో వేయడానికి చేయి రాదు. కట్టకట్టి అటకెక్కిస్తారు.

ఆ కట్టకు పనికల్పించే కళే డెకూపాజ్. ఫ్రెంచి భాషలో కత్తిరించడం అని అర్థం. బొమ్మను కత్తిరించి, పెట్టెకో పళ్లేనికో అతికించి, పైన వార్నిష్ పూతలు వేస్తారు. పూత మీద పూత పడేకొద్దీ కాగితం అంచు చేతికి తగలదు. అతికించిందో, గీసిందో చెప్పడం కష్టం.

ఇది పుట్టింది కూడా మోజులోంచే. 18వ శతాబ్దంలో చైనా, జపాన్ల లక్కపూత సామాన్లంటే ఐరోపా సంపన్నులకు పిచ్చి. అంత డబ్బు అందరికీ ఎక్కడిది? వెనిస్ పనివాళ్లు అచ్చుబొమ్మలు కత్తిరించి, అతికించి, మెరుగుపెట్టి అమ్మారు. దానికి 'పేదవాడి లక్క' అని పేరొచ్చింది. ఇంగ్లండులో మేరీ డెలానీ అనే ఆవిడైతే డెబ్బయి దాటాక 1772లో కత్తెర పట్టి, రంగు కాగితాలతో వెయ్యికి కాస్త తక్కువగా పూలబొమ్మలు చేశారు. అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

చిత్రమేమిటంటే, ఆ 'ధనవంతుల లక్క' లాంటి పనితనం ఈ సీమలోనే ఉండేది. నంద్యాల, నొస్సం ఊళ్లలో జీనిగర కుటుంబాలు కొయ్య మీద, తోలు మీద రంగులద్ది లక్కమెరుగు పెట్టేవి. గుర్రపు జీన్లు కుట్టినవాళ్లు కాబట్టి ఆ పేరు. ఆ రెండు ఊళ్లూ 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉన్నాయి. ఇప్పుడు నొస్సం అంటే ఎవరికైనా కోటే గుర్తొస్తుంది గానీ ఆ రంగులు కాదు. ఫెవికాల్ డబ్బా ఆ లోటు తీర్చలేదు. అయినా, ఇంట్లో పెట్టెకు అందం తేవాలన్న ఆశ మాత్రం అదే.

మొదలుపెట్టడానికి అమ్మమ్మ ట్రంకుపెట్టె చాలు. తుప్పు పోయేదాకా ఉప్పుకాగితంతో రుద్ది రంగు వేయాలి. శుభలేఖ అట్ట మందం కదా... వెనకవైపు కాస్త తడిచేసి, పొర ఒలిచి పలచన చేయాలి. నీళ్లు కలిపిన ఫెవికాల్ రాసి, నడుమనుంచి అంచులకు వేలితో నొక్కుతూ పోతే గాలి బుడగలు ఉండవు. పూర్తిగా ఆరాకే వార్నిష్. నలభై డిగ్రీలు దాటే కర్నూలు ఎండ ఈ ఒక్క పనికైనా కలిసొస్తుంది!

కానీ ఆ ఎండ వల్లే ఒక జాగ్రత్త. మంచినీళ్ల కూజా జోలికి మాత్రం పోవద్దు. మట్టి రంధ్రాల్లోంచి ఊరిన చెమ్మ ఆరితేనే నీళ్లు చల్లబడతాయి. వార్నిష్ వాటిని మూసేస్తుంది. కూజా అందంగానే ఉంటుంది, నీళ్లు వెచ్చగా ఉంటాయి. చిల్లుపడ్డ కూజాకైతే ఎన్ని పూతలైనా వేసుకోవచ్చు. అన్నం తినే పళ్లేలకూ ఈ వార్నిష్ పనికిరాదు.

వినాయకుడి బొమ్మ కాలికి తగిలే పీట మీద అతికించరు, పూజసామాను పెట్టె మూతకే. పెళ్లికొడుకు, పెళ్లికూతుళ్ల పేర్ల ముక్క సాధారణంగా పక్కకు పోతుంది. సొంత కూతురి పెళ్లి కార్డయితే మాత్రం ముందు ఆ పేర్లే, పెట్టె మూత నట్టనడుమ.