ప్రవరుడి పసరూ, మా మోకాళ్లూ

తెలుగు కావ్యాల్లో హిమాలయాలకు వెళ్లినవాళ్లందరిలోకీ తొందరపాటు మనిషి ప్రవరుడని నా అభిప్రాయం. ఇరవై ఏళ్లుగా కాలేజీలో ఆ ఘట్టం పాఠం చెబుతున్నాను. ఎవరో సిద్ధుడు వచ్చి కాళ్లకు పసరు పూయడమేమిటి, ఈయన ఆ పూటే బయల్దేరడమేమిటి! దారి కనుక్కోలేదు, వాతావరణం కనుక్కోలేదు, రాత్రి పడక సంగతి అసలే తలచుకోలేదు. తీరా మంచు తగిలి పసరు కాస్తా కరిగిపోయింది. మా పిల్లలు వరూధిని ఎప్పుడొస్తుందా అని చూస్తూ ఉంటారు గనక పసరు సంగతి ఎవరికీ పట్టదు. నిజం చెప్పాలంటే నాకూ పట్టలేదు. పన్నెండువేల అడుగుల ఎత్తున, డేరాలో, అర్ధరాత్రి మా బావమరిది పక్కన కూర్చుని ఉండగా పట్టింది.

ఆ సంగతి చెబుతాను. ఇది మూడేళ్ల కిందటి దసరా సెలవుల మాట. అప్పటికి నాకు నలభై మూడేళ్లు. కొంచెం పొట్ట, కొంచెం రక్తపుపోటు, ఎడమ మోకాలు మీద కొంచెం అనుమానం. మా బావమరిదికి ఇరవై ఎనిమిది. హైదరాబాదులో ఉద్యోగం. పొద్దున్నే లేచి పది కిలోమీటర్లు పరుగెత్తి, ఆ తరువాత కాఫీ తాగే రకం. కులూ వైపునుంచి లాహౌల్ వైపుకు దాటే హంప్తా కనుమకు పోదామన్నది అతనే. కనుమ ఎత్తు పధ్నాలుగువేల అడుగులు. ఇవతల పచ్చని లోయ, అవతల గడ్డిపరక మొలవని మట్టికొండలు. ఒకే ఒక్క రోజులో ఈ రెండు లోకాలూ చూడవచ్చునని చెప్పి నన్ను ఊరించాడు.

"నావల్ల అవుతుందంటావా?" అన్నాను.

"పదమూడేళ్ల పిల్ల ఎవరెస్టు ఎక్కిందండీ బావగారూ!" అన్నాడు.

నిజమే. నిజామాబాదు జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అయితే ఆ పిల్ల ముందు భువనగిరి బండమీద, తరువాత డార్జిలింగులో, ఆపైన లడఖ్‌లో నెలల తరబడి తయారైందన్న మాట ఆ క్షణాన మా ఇద్దరికీ జ్ఞాపకం రాలేదు. మనకు కావలసినంత మేరకే జ్ఞాపకం ఉంచుకోవడం మనసుకు అలవాటు కాబోలు.

నా వంతు తప్పు ఇంకొకటి ఉంది. మనాలీలో ఒక రోజు ఊరికే ఉండి ఎత్తుకు ఒళ్లు అలవాటు చేసుకోమన్నారు. సెలవులు చాలవని ఆ రోజును కొట్టేసింది నేనే. రాత్రంతా బస్సులో కూర్చుని, పొద్దున మనాలీలో దిగి, పళ్లు తోముకుని, టీ తాగి నడక మొదలుపెట్టాం.

మొదటి రెండు రోజులూ మా బావమరిది లేడిలా ముందు పరుగెత్తాడు. "బావగారూ, గుర్రం మాట్లాడమంటారా?" అని వెనక్కు తిరిగి కేకలు. నేను మాత్రం నాలుగడుగులు వేయడం, నిలబడి ప్రకృతిని మెచ్చుకోవడం. ఆయాసం వచ్చినవాడికి ప్రకృతి సౌందర్యం చాలా ఉపకారం చేస్తుంది. రెండో సాయంత్రం 'బాలూ కా ఘేరా' అనే మైదానం చేరాం. పేరుకు తగ్గట్టు చుట్టూ ఇసుక, మధ్య ఏరు, పైన కనుమ. ఎత్తు పన్నెండువేల అడుగులకు కొంచెం ఇటూ అటూ.

ఆ రాత్రి అతను అన్నం ముట్టలేదు. "తల కాస్త పట్టేసింది, అంతే" అన్నాడు. పదింటికి వాంతి. పన్నెండింటికి మళ్లీ వాంతి. గైడును లేపుతానంటే నా చెయ్యి పట్టుకుని, "వద్దు, కిందికి పంపించేస్తాడు" అన్నాడు. దేశం చూడబోయిన మనిషి అంత భయపడింది జబ్బుకు కాదు, వెనక్కు పోవడానికి! నేనూ వెంటనే లేవలేదు. అరగంట తటపటాయించాను. ఆ అరగంట ఇప్పటికీ నాకు అప్పుడప్పుడు గుర్తుకొస్తూ ఉంటుంది.

గైడు వచ్చి వేలికి చిన్న యంత్రం తగిలించి చూశాడు. మాటలు అడిగాడు, నాలుగడుగులు నడిపించాడు. తెల్లవారుతూనే దిగాలన్నాడు. "మీరు బాగానే ఉన్నారు. వీరిని మా కుర్రాడు దింపుతాడు. మీరు మాతో కనుమ దాటండి" అని నాతో అన్నాడు. మా బావమరిదీ అదే మాట అన్నాడు. పైన కనుమ పొద్దుటెండలో మెరుస్తున్నది. కొన్ని గంటల నడక. కాలేజీలో అందరికీ చెప్పి వచ్చాను కదా!

మహాప్రస్థానంలో ద్రౌపది పడింది, తమ్ముళ్లు పడ్డారు. ధర్మరాజు వెనక్కు తిరగకుండా నడిచాడు. ఆయన తిరిగి రాని ప్రయాణం మీద వెళ్లాడు గనక ఆయనకు చెల్లింది. నేను సెలవు తరువాత కాలేజీలో చేరవలసినవాణ్ణి. మా ఆవిడకు మొహం చూపించవలసినవాణ్ణి. సంచి భుజాన వేసుకుని అతనితో దిగాను.

చికా అనే చోటికి, అంటే సుమారు పదివేల అడుగులకు, దిగేసరికి మధ్యాహ్నమైంది. తలనొప్పి సగానికి సగం పోయింది. సాయంత్రానికి పప్పూ అన్నం అడిగి తిన్నాడు. ఇంటికొచ్చాక మా ఆవిడ ఒకే ఒక్క మాట అడిగింది: "వాడికేమైనా అయితే మా అమ్మకు ఏం చెప్పేవారు?" జవాబు చెప్పలేకపోయాను. ఆ తరువాతే శ్రద్ధగా చదవడం, డాక్టర్లను అడగడం మొదలుపెట్టాను. తెలుసుకున్నది మీకు చెబుతాను.

మొదటి సంగతి: కాళ్ల బలం వేరు, ఎత్తు పడటం వేరు. పన్నెండువేల అడుగుల దగ్గర గాలి వొత్తిడి మన విజయవాడలో ఉన్నదానికంటే మూడోవంతుకు పైగా తక్కువ. దానికి ఒళ్లు అలవాటు పడటానికి రోజులు కావాలి. పరుగెత్తేవాడికీ అన్ని రోజులే, పాఠాలు చెప్పేవాడికీ అన్ని రోజులే. పైగా పరుగెత్తేవాడు తొందరగా ఎత్తుకు పోతాడు గనక అతనికే ప్రమాదం ఎక్కువ. డాక్టర్లు చెప్పే లెక్క ఇది: పదివేల అడుగులు దాటాక నేటి పడకకూ రేపటి పడకకూ పదహారువందల అడుగులకు మించి తేడా ఉండకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఎత్తు పెంచకుండా ఆగాలి. తలనొప్పితో వాంతి అయితే ఇంక ఒక్క అడుగు కూడా పైకి వెయ్యకూడదు. తగ్గకపోయినా, ముదిరినా దిగాలి. కాళ్లు తడబడినా, కూర్చున్నచోట ఆయాసం వచ్చినా అర్ధరాత్రయినా సరే దిగవలసిందే. మందులు ఉన్నాయిగాని అవి మీ డాక్టరు చెప్పి వాడవలసినవి. రక్తపుపోటు, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవాళ్లు టిక్కెట్టు కొనకముందే ఆయన్ను చూడాలి, కొన్నాక కాదు.

దారి పట్టిక చూసేటప్పుడు అందరూ చివరి ఎత్తే చూస్తారు. మీరు పడకల ఎత్తు చూడండి. ఆ తరువాత దారి ఆకారం చూడండి. లోయదారి అయితే వచ్చినదారినే ఎప్పుడైనా తిరిగిపోవచ్చు. శిఖరమైతే ఎక్కిన రోజే దిగి కింద పడుకుంటాం. కనుమ అలాకాదు, దాటామంటే అవతల కూడా ఎత్తులోనే పడక. హంప్తా దాటిన రాత్రి డేరా సుమారు పదమూడువేల అడుగుల దగ్గర. మా బావమరిదిని మొండికేసి దాటించి ఉంటే ఏమయ్యేదో! అందుకని మొదటిసారి వెళ్లేవారికి కనుమ వద్దని నా మనవి.

ఇక కాళ్ల పరీక్ష. ఆంధ్రదేశంలో ఎంత ఎత్తయిన కొండయినా ఆరువేల అడుగులు లేదు గనక ఎత్తు పరీక్ష మనకు ఇంటిదగ్గర కుదరదు. కాళ్లకు మాత్రం అలిపిరి ఉంది. మూడువేల అయిదువందల యాభై మెట్లు. వీపుమీద అయిదారు కిలోల సంచితో ఎక్కండి. మరునాడు పొద్దున మంచం దిగేటప్పుడు మోకాళ్లు ఏమంటాయో వినండి. తిట్టకపోతే తేలిక దారులకు మీరు సిద్ధం. తిడితే మూడు నెలలు రోజూ నడవండి, మెట్లెక్కండి, దిగండి. మోకాళ్లు పోయేది ఎక్కడంలో కాదు, దిగడంలో.

మరి ఎప్పుడు? మన సెలవులబట్టి చెబుతాను.

సంక్రాంతికి మంచు చూడాలంటే ఉత్తరకాశీ జిల్లాలో కేదార్‌కంఠ ఉంది. డెహ్రాడూన్ నుంచి ఒక పగలంతా జీపులో పోతే సాంక్రి గ్రామం, అక్కడినుంచి నడక. శిఖరం పన్నెండువేల అయిదువందలు. దారి మరీ కష్టం కాదుగాని చలి సామాన్యం కాదు. డేరాలో సీసాలో నీళ్లు గడ్డకడతాయి. చలి పడనివాళ్లు జనవరిలో దీని జోలికి పోకండి.

వేసవి సెలవులకు అదే సాంక్రి వైపునుంచి హర్ కీ దూన్ లోయ మంచిది. పదకొండువేల ఏడువందల అడుగులు. దూరం ఎక్కువేగాని ఎత్తు నెమ్మదిగా పెరుగుతుంది. ఎదురుగా స్వర్గారోహిణి శిఖరం. పాండవులు ఆ దారినే పోయారని అక్కడివాళ్లు చెబుతారు.

వర్షాకాలంలో ఉత్తరాఖండ్ కొండదారులు విరిగిపడుతూ ఉంటాయి. 2013 జూన్‌లో కేదారనాథ్ వరద ఎవరు మరిచిపోగలరు? అయినా చమోలీ జిల్లాలోని పూలలోయ పూసేది జూలై, ఆగస్టు నెలల్లోనే. 1931లో ఫ్రాంక్ స్మిత్ అనే ఇంగ్లీషు పర్వతారోహకుడు కామెట్ శిఖరం ఎక్కి తిరిగివస్తూ ఈ లోయ చూసి ముగ్ధుడై, తరువాత పుస్తకం రాశాడు. ఘాంఘరియాలో బస, లోయలో రాత్రి ఉండనివ్వరు. వెళ్లేవారు దారి మూసుకుపోతుందనుకుని రెండు రోజులు అదనంగా ఉంచుకోవాలి. పక్కనే ఉన్న హేమకుండం పదిహేనువేల అడుగులు. పూలు చూసిన ఉత్సాహంలో దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

దసరాకు ఆకాశం కడిగిన అద్దంలా ఉంటుంది. నాబోటి వాళ్లకు అదే కాలం. కిందటేడు మా ఆవిణ్ణి తుంగనాథ్ తీసుకెళ్లాను. చోప్తాలో రెండు రాత్రులు ఉన్నాం. మూడో పొద్దున నాలుగు కిలోమీటర్లు రాళ్లు పరిచిన దారి. పన్నెండువేల అడుగుల ఎత్తున శివాలయం. ఆవిడ నాకంటే ముందు చేరి, మెట్టుమీద కూర్చుని, నేనొచ్చేసరికి వేరుశనగపప్పు పొట్లం విప్పి పెట్టింది. ఎదురుగా మంచుకొండల వరస. ఎవరికీ తలనొప్పి లేదు. ఆ పైన చంద్రశిల వెయ్యి అడుగులే. "ఎక్కుదామా?" అన్నాను. "మోకాలు ఏమంటోంది?" అంది. అడిగి చూశాను. చాలునంది. దిగివచ్చేశాం.

హంప్తా అవతలి మట్టికొండలు నేనింకా చూడలేదు. మొన్న మా బావమరిది టెలిఫోను చేసి, "బావగారూ, ఈసారి మనాలీలో రెండు రోజులు ఉందాం" అన్నాడు. నిన్ననే సెలవుచీటీ రాసి ఇచ్చాను. ప్రిన్సిపాలుగారు కళ్లజోడు సవరించుకుని, "కిందటిసారికంటే ఎక్కువ రోజులు రాశారే, దేనికండీ?" అన్నారు.

"కొండకింద ఊరికే కూర్చోవడానికండీ" అన్నాను.

ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి సంతకం పెట్టారు.