స్త్రీలు – వ్యాయామము

మా హొసూరు ప్రాంతమున ఇంట తెలుగు, బడిలో కన్నడము. ఆటలకు మాత్రము భాషాభేదము లేదు. మా చిన్ననాట బాలికలు కుంటుబిళ్ల, అచ్చనగండ్లు, వామనగుంతలు ఆడుచుండిరి. పిల్ల పెద్దమనిషి కాగానే కుంటుబిళ్ల నిలిచిపోయెడిది. కూర్చుండి ఆడు ఆటలే మిగిలెడివి. ఎవరును శాసించినది లేదు, ఎవరును ప్రశ్నించినదియు లేదు.

వ్యాయామమన్నచో మా యూరి స్త్రీలు నేటికిని నవ్వుదురు. "రాగిచేను కలుపు తీసి, పట్టుపురుగులకు ఆకు కోసి వచ్చినవారికి ఇంకను కసరత్తా?" అందురు. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. కాని చాకిరి వేరు, ఆట వేరు. చాకిరి నడుము వంచును. ఆట ఒడలిని తేలిక చేయును. అంతకంటె ముఖ్యము, ఆడు గడియ ఆమె సొంతము.

ఇది మాకు ఆలస్యముగా తెలిసినది. 1999లో మా కుమార్తె హైస్కూలు ఖోఖో జట్టులో నుండెను. రెండు స్తంభములు తప్ప ఖర్చులేని ఆట గనుక పల్లె బడులకు తగినది. తాలూకా దాటి ఆడుటకు ఎంపికయి, అనుమతిపత్రము తెచ్చినది. దినమెల్ల కాగితములపై సంతకములు సేకరించు గుమాస్తా వృత్తి మాది. ఆ యొక్క సంతకము మాత్రము మా చేత కాలేదు. "పరాయి యూర రాత్రి నిలువవలెనట, పొట్టి లాగు తొడుగవలెనట" అంటిమి. బడి మెట్లెక్కని మా ఇల్లాలు, "రెండు మైళ్లు నీళ్లకు పంపినపుడు మీకీ భయము లేదే!" అనెను. సమాధానము తోచక కోపించితిమి. పత్రము పెట్టెలోనే ఉండిపోయెను.

మరుసటి సంవత్సరమే, 2000 సెప్టెంబరులో, సిడ్నీ ఒలింపిక్సులో స్త్రీలకు తొలిసారిగా బరువులెత్తు పోటీలు జరిగెను. శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస ప్రాంతపు కరణం మల్లేశ్వరి 110, 130, మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్సులో భారతస్త్రీకి అదియే మొదటి పతకము. పత్రిక చదివి వినిపింపగా మా ఇల్లాలు, "130 కిలోలనగా బస్తా రాగులకు మించినదే" అని లెక్కవేసెను. మా కుమార్తె యేమియు అనలేదు. ఆ మౌనము మమ్ము చాలకాలము బాధించినది.

2025 జనవరిలో ఢిల్లీ యందు జరిగిన మొదటి ఖోఖో ప్రపంచకప్పులో మన స్త్రీల జట్టు నేపాలును 78–40తో గెలిచినది. అందు మైసూరు జిల్లా కురుబూరి చైత్ర కలదు. టీవీ ముందు మా మనుమరాలికి ఆట మెలకువలు చెప్పుచు మా కుమార్తె కుర్చీలో కూర్చుండలేకపోయెను. ఆ యేడే మనుమరాలును అనుమతిపత్రము తెచ్చినది. మేము కండ్లద్దములు వెదకుచుండగనే, మా జేబులోని కలము తీసికొని తల్లియే సంతకము చేసెను.