లైడెన్‌లో నీళ్ల లెక్క

ఆమ్‌స్టర్‌డామ్‌లో విమానం దిగారంటే, మీరు నిలబడింది ఒకప్పటి సరస్సు అడుగున. స్కిపోల్ ఎయిర్‌పోర్టు ఉన్న నేల సముద్రమట్టం కన్నా దాదాపు నాలుగు మీటర్లు కింద. అక్కడ హార్లెమర్‌మేర్ అనే పెద్ద సరస్సు ఉండేది. 1836లో తుపాను గాలికి ఆ నీళ్లు పొంగి ఒకసారి ఆమ్‌స్టర్‌డామ్ దాకా, ఇంకోసారి లైడెన్ దాకా వచ్చేశాయి. దాంతో మూడు ఆవిరి పంపులు పెట్టి, 1852కల్లా సరస్సు మొత్తం తోడేశారు.

ఈ సంగతి ఫోన్‌లో చెబితే నాన్న నవ్వాడు. "వాళ్లు సరస్సునే తోడేశార్రా. మనకి డ్రెయిన్‌లో గుర్రపు డెక్క తీసే దిక్కు లేదు" అన్నాడు.

మాది కోనసీమ. ఎకరంన్నర వరి చేను. పోయిన సార్వా పంట పొట్ట మీద ఉండగా వారం రోజులు నీళ్లలో నానింది. అంతకు ముందు ఏడాదీ అదే కథ. 2011లో మా వైపు రైతులు క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని, మూడు నెలల ఆన్‌సైట్ పని మీద హేగ్‌లో ఉన్నాను. "అమ్మేయ్ నాన్నా, నీకెందుకీ బాధ" అని వచ్చే ముందు గట్టిగానే చెప్పాను. ఆయన ఔననలేదు, కాదనలేదు.

బహుమతిగా వచ్చిన యూనివర్సిటీ

ఏప్రిల్‌లో ఒక శనివారం లైడెన్ వెళ్లాను. హేగ్ నుంచి రైల్లో పావుగంట. టికెట్ కొనక్కర్లేదు, గేటు దగ్గర బ్యాంకు కార్డు ట్యాప్ చేస్తే చాలు. స్టేషన్ నుంచి నాలుగడుగులు వేస్తే డి వాల్క్ గాలిమర కనిపిస్తుంది. 1743 నాటిది, ఏడంతస్తులు. ఇప్పుడు మ్యూజియం. పైకి ఎక్కితే కాలువలూ, ఎర్ర పెంకుల ఇళ్లూ, చర్చిలూ అన్నీ ఒక్క చూపులో వస్తాయి. రెంబ్రాంట్ పుట్టింది ఈ ఊళ్లోనే, 1606లో. వాళ్ల నాన్నదీ మర ఆడించే పనే.

ఊరికి యూనివర్సిటీ ఎలా వచ్చిందో తెలిస్తే ఈ కాలువల్ని చూసే తీరు మారిపోతుంది. 1574లో స్పెయిన్ సైన్యం లైడెన్‌ని నెలల తరబడి ముట్టడించింది. లోపల తిండి లేదు, పైగా ప్లేగు. వేలమంది చనిపోయారు. ఆరెంజ్ రాజకుమారుడు విలియం చివరికి గట్లు తెగ్గొట్టించాడు. పొలాలు మునిగాయి, ఆ నీళ్ల మీదే పడవలు వచ్చాయి. అక్టోబర్ 3న స్పెయిన్ సైన్యం వెనక్కి తగ్గింది. ఆకలితో ఉన్న జనానికి హెర్రింగ్ చేపలూ తెల్ల రొట్టే పంచారు. ఇప్పటికీ ఏటా ఆ రోజు ఊరంతా అదే తింటారు. మరుసటి ఏడాది, 1575లో, తట్టుకుని నిలబడినందుకు ఊరికి యూనివర్సిటీ ఇచ్చారు. నెదర్లాండ్స్‌లో అదే మొదటిది.

గైడ్ ఇది గర్వంగా చెబుతుంటే నాకు మాత్రం మునిగిన పొలాలే మెదిలాయి. ఊరికి యూనివర్సిటీ వచ్చింది, బాగానే ఉంది. ఆ చేలు ఎవరివి?

రాపెన్‌బర్గ్ కాలువ పక్కన యూనివర్సిటీ పాత భవనం ఉంది. దాని వెనకే 1590లో మొదలైన బొటానికల్ గార్డెన్. క్లూసియస్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ తోటలో వేసిన ట్యులిప్‌లు 1594లో పూశాయి. ఊళ్లో గోడల మీద వందకు పైగా కవితలు, ఏ భాషది ఆ లిపిలోనే రాసి ఉన్నాయి. ఫిజిక్స్ సూత్రాలు కూడా ఉన్నాయి. ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా స్నెల్ సూత్రం! ఇంటర్‌లో రెండు మార్కుల కోసం బట్టీ పట్టిన ఆ స్నెల్‌ది ఈ ఊరేనట. నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివినా నాకీ ముక్క తెలీదు.

నెత్తి మీద కాలువ

మధ్యాహ్నం సైకిల్ అద్దెకు తీసుకుని ఉత్తరం వైపు బయల్దేరాను. వార్మండ్, సాసెన్‌హైమ్ మీదుగా లిస్సె దాకా. ఒక హెచ్చరిక: ఇక్కడ చాలా అద్దె సైకిళ్లకు పెడల్ వెనక్కి తొక్కితేనే బ్రేకు. మొదటి సిగ్నల్ దగ్గర చెయ్యి బ్రేకు వెతుక్కుంటూ ముందున్న పెద్దాయన్ని గుద్దబోయాను. ఇక ఎదురుగాలి సంగతి చెప్పక్కర్లేదు, తొక్కుతున్నా బండి కదలదు.

వార్మండ్ దగ్గర ఒక దృశ్యం చూసి ఆగిపోయాను. పల్లంలో ఆవులు మేస్తున్నాయి. గట్టు అవతల కాలువలో పడవ పోతోంది, ఆవుల కన్నా ఎత్తులో! పొలంలో నీరు చిన్న బోదెల్లోకి దిగుతుంది. అక్కణ్నుంచి పంపులు పై కాలువలోకి ఎత్తిపోస్తాయి. ఆ కాలువలు కాట్వేక్ లాంటి చోట్ల సముద్రం వైపు వదులుతాయి. ఒకప్పుడు గాలిమరలు చేసిన పని ఇప్పుడు కరెంటు మోటార్లు చేస్తున్నాయి. వాటిని వదిలేస్తే పొలాలు మళ్లీ చెరువులే.

ఇదంతా చూసుకునేది రైన్‌లాండ్ నీటి బోర్డు. 13వ శతాబ్దం నుంచి ఉంది, ఆఫీసు లైడెన్‌లోనే. బోర్డుకు నాలుగేళ్లకోసారి ఎన్నికలు, దానికి విడిగా పన్ను.

లిస్సె దగ్గర ట్యులిప్ చేలు. ఎరుపు, పసుపు, ఊదా పట్టీలు పరిచినట్టున్నాయి. కానీ ఒక చేలో మెషీన్ నిండుగా విచ్చిన పూల తలల్ని టకటకా కోసి పారేస్తోంది. ప్రాణం ఉసూరుమంది. వెంటనే నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ సాయంత్రం ఐదున్నర, అరుగు మీద కూర్చున్నాడు.

"చూశావా నాన్నా, పూలన్నీ ఎలా కోసేస్తున్నారో!"

"దుంప ఊరాలి కదరా. పువ్వుంటే బలమంతా దానికే పోద్ది. వాళ్లు అమ్మేది దుంపేనేమో" అన్నాడు. గూగుల్‌లో చూశాను. నిజమే.

గట్టూ, పడవా, పంపుహౌసూ చూపించాను. ఆయన ఒకటే అడిగాడు.

"డబ్బులెవరిస్తార్రా దానికి?"

"పన్ను నాన్నా. అందరూ కడతారు."

"అందరూ అంటే? చేలున్నోళ్లా?"

"లేదు. లైడెన్‌లో ఫ్లాట్‌లో ఉండేవాళ్లు కూడా."

కాసేపు మాట్లాడలేదు. "సిగ్నల్ పోయిందా?" అన్నాను.

"లేదు, వింటన్నా. ఈ వేసవిలో డ్రెయిన్ మనమే తీయించుకుందామని పదిమంది రైతులం అనుకున్నాం. పొక్లెయిన్ తెస్తే తలా మూడు వేలు పడద్దంట. నీకు చెబితే మళ్లీ అమ్మేయమంటావని చెప్పలేదు."

పక్కన మెషీన్ ఇంకో వరుసలోకి తిరిగింది. చేను అమ్మాలా వద్దా అన్నది నాకిప్పటికీ తేలలేదు.

"ఆ లిస్టులో నా పేరు కూడా రాయి నాన్నా" అన్నాను.

"నీకు చేనెక్కడిదిరా?" అని నవ్వాడు.

"లేకపోయినా రాయి."